గల్లీ బార్‌కి రేటింగ్ ఇచ్చే ముందు: హైదరాబాద్‌లో తాగే చోట్ల కథ

"అన్నా, హైదరాబాద్ గల్లీ బార్లు తిరిగి రివ్యూ చెయ్యి" అని చాలా రోజులుగా అడుగుతున్నారు. సరే, తిరిగాం. మూడు సాయంత్రాలు. ముషీరాబాద్, చిక్కడపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల, చివర్లో కూకట్‌పల్లి. ముందే ఒక మాట: మన దగ్గర తాగడానికి చట్టం ఒప్పుకునే వయసు 21. అంతకంటే చిన్నవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్‌లో చరిత్ర ఒక్కటే తాగండి.

మొదటి రోజు మేం కూడా అందరిలాగే చేశాం. ఫోన్ తీసి మ్యాప్స్‌లో రేటింగ్ చూశాం. "చికెన్ మెజెస్టిక్ సూపర్, లైట్లు డిమ్, ఏసీ వీక్, బాత్రూమ్ గురించి అడగొద్దు, మూడు స్టార్లు." అన్ని బార్లకీ దాదాపు ఇదే రివ్యూ! చిక్కడపల్లిలో ఒక పాత బార్‌లో కూర్చున్నాం. క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో చూసొచ్చే జనం కోసమే పుట్టినట్టుంటుంది. పొడుగు హాలు, నల్ల అద్దాలు. గ్లాసు పెట్టకముందే ఫ్రీగా స్టఫ్ వచ్చేస్తుంది: ఉడకబెట్టిన శనగలు, కీరా ముక్కలు, ఉప్పుకారం జల్లిన పల్లీలు. వేరే ఊళ్ల నుంచి వచ్చిన మా ఫ్రెండ్స్ ఈ ఫ్రీ ప్లేట్లు చూసి ఆశ్చర్యపోతారు. నా లెక్కలో హైదరాబాద్ బార్‌కి సగం మార్కులు ఆ ప్లేట్లకే ఇవ్వాలి.

బయటికొచ్చాక మా కెమెరామన్ ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, ఇది బార్ అండ్ రెస్టారెంట్. ఎదురుగా ఉన్నది వైన్స్. దాని పక్క రేకుల షెడ్డు పర్మిట్ రూమ్. మొన్న మనం చూసింది కల్లు కాంపౌండ్. తాగేది ఒక్కటే కదా, నాలుగు పేర్లు ఎందుకు?"

అక్కడే ఎపిసోడ్ మారిపోయింది. ఎందుకంటే ఆ నాలుగు బోర్డుల్లో ఏ ఒక్కటీ ఓనర్ ఇష్టంతో పెట్టుకున్న పేరు కాదు. ప్రతి బోర్డు వెనకా ఎప్పుడో ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఉంది. మన గల్లీ బార్ ఎలా ఉండాలో, ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో తాగేవాళ్లు తేల్చలేదు. ఖజానా తేల్చింది.

మొదటి నుంచి చూద్దాం. తెలుగు పేపర్లలో "ఆబ్కారీ శాఖ" అని చదువుతుంటాం కదా, అది ఫారసీ మాట. ఆబ్ అంటే నీళ్లు. ఆబ్కారీ అంటే సారా బట్టీ పట్టే పని, ఆ తర్వాత దాని మీద పన్ను. నిజాం రాజ్యంలో ఇది పెద్ద ఆదాయం. ఒక ప్రాంతంలో కల్లు, సారా అమ్ముకునే హక్కుని గుత్తకి ఇచ్చేవాళ్లు. గుత్తేదారు సర్కారుకి డబ్బు కట్టేసి, జనం దగ్గర వసూలు చేసుకునేవాడు. దీన్ని చట్టంగా రాసుకున్నది 1316 ఫస్లీలో, అంటే మన లెక్కలో 1906-07 ప్రాంతంలో. పేరు హైదరాబాద్ ఆబ్కారీ చట్టం. తాడి చెట్టు, ఈత చెట్టు గీస్తే చెట్టుకింత పన్ను. ఈత కల్లుని ఉర్దూలో సేంధి అనేవాళ్లు, పాతబస్తీ పెద్దవాళ్ల నోట ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ ఆదాయం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1947లో నిజాంకి వ్యతిరేకంగా స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం నడిచినప్పుడు, కార్యకర్తలు చేసిన పనుల్లో ఈత చెట్లు నరకడం ఒకటి. చెట్టు మీద కోపం కాదు, చెట్టు నుంచి ఖజానాకి వెళ్లే డబ్బు మీద. గీత పనివాళ్ల పొట్ట ఏమైందన్నది వేరే ప్రశ్న, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

సికింద్రాబాద్ కథ వేరు. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంట్ అది. బ్రిటిష్ సైన్యం, మెస్సులు, క్యాంటీన్లు. 1878లో సికింద్రాబాద్ క్లబ్. ఒకే ఊరికి హుస్సేన్ సాగర్ ఆ పక్క గ్లాసు, ఈ పక్క ముంత.

ముంత అన్నాను కాబట్టి కల్లు కాంపౌండ్‌కి వద్దాం. ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. మాది ముషీరాబాద్. మా మేనమామ పెయింటింగ్ పని చేసేవాడు. నా చిన్నప్పుడు, అంటే 2004కి ముందు, సాయంత్రం పని దిగగానే కాంపౌండ్‌కి పోయేవాడు. మా అత్తమ్మ నన్ను పంపేది, "మామ ఎక్కడిదాకా వచ్చిండో చూసి రా పో" అని. పెద్ద గోడ, లోపల మట్టి నేల, చెట్టు కింద బండలు, సీసాల చప్పుడు. గోడ వారగా ఆడవాళ్లు గుడాలు, బోటి, కార్జం వేపుడు అమ్ముతుండేవాళ్లు. ఒక సంగతి నాకు అప్పుడు వింతగా అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది: అక్కడ తాగేవాళ్లలో ఆడవాళ్లూ ఉండేవాళ్లు. కూలి పని చేసొచ్చిన పెద్దమ్మలు, అమ్మమ్మలు కాళ్లు చాపుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తాగేవాళ్లు. ఎవరూ తిప్పి చూసేవాళ్లు కాదు. మొన్న మేం తిరిగిన బార్లలో, వైన్స్ దగ్గర, మూడు రోజుల్లో ఒక్క ఆడమనిషిని కూడా చూడలేదు. జూబ్లీహిల్స్ పబ్బులు లెక్క వేరు, అక్కడ బిల్లే వేరు.

కాంపౌండ్‌ని స్వర్గంలా చెప్తున్నానని అనుకోకండి. కల్లుకి ఒక గుణం ఉంది. పొద్దున చెట్టు దిగినప్పటి నుంచే పులుస్తూ ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ పులుపెక్కి పాడవుతుంది. ఊళ్లో అయితే చెట్టు కిందే తాగేస్తారు. సిటీ పెరిగింది, చెట్లు పోయాయి, ప్లాట్లు వచ్చాయి. కల్లు జిల్లాల నుంచి వ్యాన్లలో రావాలి. తాగేవాళ్లు లక్షల్లో, వచ్చే కల్లు కొంచెం. మిగతాది ఏంటి? నీళ్లు, చక్కెర బదులు శాకరిన్, మత్తుకి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, తర్వాతి రోజుల్లో ఆల్ప్రాజోలం. అంటే డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన నిద్రమాత్ర మందు. మా మామ తాగింది కల్లా, కల్లు పేరుతో మందుబిళ్లల నీళ్లా అన్నది ఆయనకీ తెలీదు.

ఇక ఇక్కడ కాస్త రాజకీయం. హైదరాబాద్ తడిగా ఉన్న రోజుల్లో ఆంధ్ర ప్రాంతం పొడిగా ఉండేది. అక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నాటి మద్యనిషేధ చట్టం నడిచింది, 1937లో రాజాజీ మొదలుపెట్టినది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఈ నిషేధం ఉంచాలా ఎత్తెయ్యాలా అని కమిటీ వేశారు. గీత కార్మికుల బతుకు ఒకవైపు, గాంధీగారి మాట ఇంకోవైపు. 1954 నవంబర్‌లో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం ఈ గొడవ మీదే అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అవును, ఆంధ్ర రాష్ట్రం మొదటి ప్రభుత్వం కల్లు గొడవలో పడిపోయింది. స్కూల్ పుస్తకంలో ఈ ముక్క ఎందుకు ఉండదో మీరే ఊహించుకోండి.

1956లో రెండు ప్రాంతాలు కలిశాయి. ఒకే రాష్ట్రం, రెండు రూల్స్. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బదిలీ మీద వచ్చిన గుమాస్తా, సొంతూళ్లో నేరమైన పనిని రాజధానిలో లైసెన్స్ ఉన్న షాపులో దర్జాగా చెయ్యొచ్చు. 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చాకే రెండు ప్రాంతాలకీ ఒకే పుస్తకం దొరికింది.

తర్వాత సారా. 1980ల్లో ప్రభుత్వమే సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో పెట్టి అమ్మించింది. దానికి పెట్టిన పేరు వారుణి వాహిని. ఎంత అందమైన పేరో! ప్యాకెట్ జేబులో పడుతుంది, పళ్లతో కొరికి తాగెయ్యొచ్చు. కూర్చునే చోటు అక్కర్లేదు, మాట్లాడే మనిషి అక్కర్లేదు. కూలి డబ్బు ఇంటికి చేరేలోపే దారిలో అయిపోయేది.

ఇక్కడే నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకి వెళ్లిన ఆడవాళ్లు, అక్షరాలు నేర్చుకుంటూ మాట్లాడుకున్న మొదటి విషయం తమ ఇళ్లలోని సారా. వర్థినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. దుకాణం మూయించారు. ఆ కథ చదువు పుస్తకంలో పాఠమైంది, పాఠం చదివిన పక్క ఊళ్లు కూడా కదిలాయి. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. ఆలోచించండి: ఫోన్ లేదు, వాట్సాప్ గ్రూప్ లేదు, అప్పుడే సంతకం నేర్చుకుంటున్న చేతులు. అవి ప్రభుత్వం ఖజానా తలుపుకి అడ్డంగా నిలబడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు, గెలిచారు, ప్రమాణస్వీకారం రోజే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలు. హైదరాబాద్ బార్లకి షట్టర్లు పడ్డాయి. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు దిగింది, గుడుంబా పెరిగింది. నల్ల బెల్లం, పటిక కలిపి కాచే సరుకు అది. ధూల్‌పేట అంటే గణపతి విగ్రహాలతో పాటు అదీ గుర్తొచ్చేది. ఖజానాకి పడిన గండి పూడ్చడం కష్టమైంది. 1997 ఏప్రిల్ 1న చంద్రబాబు ప్రభుత్వం నిషేధం సడలించింది. కానీ జాగ్రత్తగా చూడండి, సారా మాత్రం తిరిగి రాలేదు. వచ్చినవి సీసాలు: బ్రాందీ, విస్కీ, రమ్ము. అంటే దూబగుంట ఆడవాళ్లు అడిగింది సగమే మిగిలింది. చవక ప్యాకెట్ పోయి, దాని జాగాలో చీప్ లిక్కర్ క్వార్టర్ కూర్చుంది. కూలివాడి జేబు నుంచి ఎక్కువ డబ్బు పోతుంది, అంతే తేడా. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు ఆ బోర్డుల సంగతి. "వైన్స్" అంటే ఏ4 షాపు. దాని లైసెన్స్ సీల్ వేసిన సీసా అమ్మడానికే, అక్కడే తాగించడానికి కాదు. అందుకే ఇనప గ్రిల్లు, చెయ్యి పట్టేంత కిటికీ. సరదాకి ఒకసారి వైన్ అడిగి చూడండి, షాపతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. "బార్ అండ్ రెస్టారెంట్" అంటే 2బి లైసెన్స్. కూర్చోవచ్చు, తినొచ్చు, ఎమ్మార్పీ కంటే ఎక్కువ కట్టొచ్చు. మరి బార్ బిల్లు కట్టలేనివాడు? సీసా కొని ఎక్కడ తాగాలి? అతని కోసం వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్. నడుము ఎత్తు సిమెంట్ గట్టు, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, మిక్చర్ పొట్లం. నిలబడి తాగి వెళ్లిపోవాలి. మేం టైమ్ పెట్టి చూశాం, ఒక్కో మనిషి సగటున పది నిమిషాలు కూడా ఉండలేదు.

ఈ "పర్మిట్ రూమ్" అన్న మాట బొంబాయిది. అక్కడ 1949 నిషేధ చట్టం కింద తాగాలంటే మనిషికి పర్మిట్ ఉండాలి, ఆరోగ్యం కోసం మందుగా తాగుతున్నానని రాయించుకోవాలి. పర్మిట్ ఉన్నవాడు కూర్చునే గది కాబట్టి అక్కడి బార్లకి పర్మిట్ రూమ్ అని పేరు పడింది, ఇప్పటికీ ముంబై బోర్డుల మీద కనిపిస్తుంది. మన దగ్గరికొచ్చేసరికి అర్థం తిరగబడింది. బొంబాయిలో పర్మిట్ తాగేవాడి జేబులో ఉండేది. ఇక్కడ పర్మిట్ షాపువాడిది, అదనంగా ఫీజు కట్టి తెచ్చుకున్నది. తాగేవాడి దగ్గర ఉన్నది ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. 2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకి లాటరీ తీశారు. అప్లికేషన్ ఫీజు 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. వచ్చిన అప్లికేషన్లు లక్షా 30 వేలకి పైనే. అంటే ఒక్క సీసా అమ్మకముందే, ఉత్త కాగితాల మీద 2,600 కోట్లకు పైగా వచ్చాయి. ఈ షాపుల్లో 15 శాతం గౌడ్లకి రిజర్వేషన్. తాత చెట్టెక్కాడు, మనవడు చిట్టీ వేస్తున్నాడు.

తిరిగి మా మామ దగ్గరికి. 2004లో కల్తీ పేరుతో సిటీలో కల్లు దుకాణాలు మూసేశారు. కారణం తప్పు కాదు. కానీ మూసిన మరుసటి రోజు మామ తాగడం మానేశాడా? లేదు. వైన్స్‌కి మారాడు. కాంపౌండ్‌లో రెండు గంటలు కూర్చుని నలుగురితో నవ్వుకుంటూ తాగిన మనిషి, గ్రిల్లు పక్కన గోడకి ఆనుకుని క్వార్టర్‌ని మూడు గుక్కల్లో దించేసి ఇంటికొచ్చేవాడు. గొడవలు అప్పుడే మొదలయ్యాయని అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. 2014లో తెలంగాణ వచ్చాక కల్లు దుకాణాలు మళ్లీ తెరిచారు. మామ ఒకసారి పోయి వచ్చి, "ఆ జాగ లేదు రా, ఆ మనుషులు లేరు" అన్నాడు. మళ్లీ పోలేదు.

2020 మార్చి, లాక్‌డౌన్. షాపులన్నీ ఒక్కసారిగా బంద్. మీలో చాలామందికి అది వెబ్ సిరీస్‌ల నెల. మా ఇంట్లో మూడో రోజుకి మామ చేతులు వణకడం మొదలైంది, నాలుగో రోజుకి లేని మనుషులతో మాట్లాడాడు. పాస్ తీసుకుని ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ మా లాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇన్నేళ్లూ "అలవాటు" అన్నది రోగమని మాకు ఆ వరండాలో అర్థమైంది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎవరికైనా పనికొస్తుంది. మే 6న షాపులు తెరిచారు, ధరలు 16 శాతం దాకా పెంచి. ఎండలో గొడుగులు పట్టుకుని కిలోమీటర్ల క్యూలు, దాని మీద మీమ్స్ గుర్తున్నాయి కదా. నేనూ అప్పుడు నవ్వాను. ఆ క్యూలో ఎర్రగడ్డ వరండా నుంచి వచ్చినవాళ్లు ఎందరున్నారో తర్వాత తట్టింది.

2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల్లో చేరారు. రోజు కూలీలు, పెద్ద వయసు వాళ్లు, ఆడవాళ్లూ ఉన్నారు. నేను చిన్నప్పుడు గోడ వారగా చూసిన అమ్మమ్మల లాంటి వాళ్లే. మా మూడో సాయంత్రం అక్కడికే వెళ్లింది అందుకే. షూట్ ఏమీ చెయ్యలేదు. మూసి ఉన్న ఒక గేటు, దాని ముందు ఖాళీ బండి మీద గుడాల గిన్నె బోర్లించి ఉంది. పక్క కిరాణా ఆయన మా కెమెరా చూసి, "ఇంకేం తీస్తరు బిడ్డా, అందరూ తీసుకపోయిన్రు" అన్నాడు. బ్యాగులో పెట్టేశాం.

రేటింగ్‌లు ఇస్తానన్నాను కాబట్టి ఇస్తున్నా. చిక్కడపల్లి బార్‌కి స్టఫ్ వల్ల నాలుగు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి పాత బార్‌కి, టేబుల్ తుడిచే పెద్దాయన మర్యాద వల్ల నాలుగున్నర, బాత్రూమ్ వల్ల మూడు, మీరే తేల్చుకోండి. పర్మిట్ రూమ్‌కి నేను స్టార్లు ఇవ్వను. అక్కడికి ఎవరూ ఇష్టపడి రావట్లేదు, వేరే చోటు లేక వస్తున్నారు.

రెండో రోజు ముషీరాబాద్‌లో మామని కూడా రమ్మన్నాను, పాత కాంపౌండ్ ఎక్కడుండేదో చూపించమని. వచ్చాడు. ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, కింద మొబైల్ షాపు. చెట్టు ఉండే చోట బైకుల పార్కింగ్. మామ చేత్తో చూపిస్తూ, "గీడ నేను కూర్చునేటోడ్ని, గాడ బోటి పెద్దమ్మ" అన్నాడు. తర్వాత మేం ఎదురుగా ఉన్న బార్‌లోకి పోతుంటే, "మీరు పోండ్రి, నేను గీడనే ఉంట" అని సోడా బండి దగ్గర ఆగిపోయాడు. మేం ముప్పావు గంట తర్వాత బయటికొచ్చేసరికి మూడో సోడా తాగుతూ, బండి అతనికి ఏ గోడకి ఏ రంగు నిలుస్తుందో చెప్తున్నాడు.